ల్యాప్‌టాప్‌లో మిక్సింగ్ మొరాయిస్తే.. ఫార్మాటే మందు కాదు

గ్రాఫిక్స్ డ్రైవర్ చిక్కులతో వీడియో ఎడిటర్ల ఇక్కట్లు
గంటసేపు పరీక్షిస్తే తేలిపోయే లోపాలే అధికం

కామారెడ్డి: పెళ్లి ముహూర్తాలు ముగిశాయంటే వీడియో మిక్సింగ్ పనులు ఊపందుకుంటాయి. ఎదుర్కోళ్లు మొదలు అప్పగింతలు, బరాత్ వరకు రెండు మూడు కెమెరాలతో తీసిన దృశ్యాలన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లోకి చేరుతాయి. సరిగ్గా అప్పుడే తెర ఒక్కసారిగా నల్లబడుతుంది. లేదా చిత్రం ఆకుపచ్చ, గులాబీ గళ్లుగా మారుతుంది. ఎక్స్‌పోర్ట్ తొంభై శాతం దాటాక సాఫ్ట్‌వేర్ చడీచప్పుడు లేకుండా మూతపడుతుంది. ఇలాంటి సమయంలో ఎక్కువ మందికి తోచే చికిత్స ఒక్కటే. విండోస్‌ను ఫార్మాట్ కొట్టించడం. అదే డిస్కులో పెళ్లి దృశ్యాలు ఉండి, కెమెరా కార్డులను అప్పటికే మరో పెళ్లికి ఖాళీ చేసి ఉంటే నష్టం పూడ్చలేనిది. ఎడిటింగ్ రెండోసారి చేసుకోవచ్చు కానీ తలంబ్రాలు రెండోసారి పోయించలేరు.

ఈ బాధ కామారెడ్డి పట్టణంలోని వారి కంటే ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, లింగంపేట మండలాల్లో చిన్న స్టూడియోలు నడిపేవారికి మరింత బరువు. రైలు మార్గం, 44వ నంబరు జాతీయ రహదారి అందుబాటులో ఉన్న కామారెడ్డి నుంచి హైదరాబాద్‌కు ల్యాప్‌టాప్‌ను మరమ్మతుకు తీసుకెళ్లడం ఒక పూట పని అయితే, రైలు లేని ఎల్లారెడ్డి వారికి రాకపోకలకే రోజు గడిచిపోతుంది. తీరా అక్కడ తేలేది చాలాసార్లు యంత్రంలోని లోపం కాదు, గ్రాఫిక్స్ డ్రైవర్‌కు సంబంధించిన చిన్నపాటి చిక్కు. ఇంట్లో కూర్చుని సరిచేసుకోదగినదే.

దుబాసీ లేనిదే పని సాగదు

కంప్యూటర్‌లో బొమ్మలకు సంబంధించిన లెక్కలు చేసే చిప్‌ను గ్రాఫిక్స్ ప్రాసెసర్ లేదా జీపీయూ అంటారు. విండోస్ మాట్లాడే భాష ఈ చిప్‌కు నేరుగా అర్థం కాదు. రెండింటి మధ్య దుబాసీలా వ్యవహరించే సాఫ్ట్‌వేరే డ్రైవర్. దుబాసీ తప్పు చెప్పినా, మధ్యలో మౌనం వహించినా ఇరువైపులా ఎవరి తప్పూ లేకుండానే పని ఆగిపోతుంది.

సినిమా చూసేటప్పుడు రాని సమస్య మిక్సింగ్‌లోనే ఎందుకు వస్తుందన్నది పలువురి సందేహం. సినిమా చూడటానికి చిప్‌పై పడే భారం స్వల్పం. ఎడిటింగ్‌లో ఒకే క్షణంలో రెండు మూడు వీడియోలను విప్పి, రంగులు దిద్ది, టైటిళ్లు అతికించి తెరపై చూపాలి. ఈ లెక్కలను ప్రధాన ప్రాసెసర్ నుంచి గ్రాఫిక్స్ చిప్‌కు మళ్లించే పద్ధతి గత పదిహేనేళ్లలోనే బాగా విస్తరించింది. ఎన్‌విడియా సంస్థ 2007లో కుడా అనే సాంకేతికతను విడుదల చేయగా, 2010లో అడోబ్ ప్రీమియర్ ప్రో సీఎస్5 మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్ పేరుతో దానిని ఎడిటింగ్‌లోకి తెచ్చింది. డావిన్సీ రిజాల్వ్ అయితే దాదాపు పూర్తిగా గ్రాఫిక్స్ చిప్‌నే నమ్ముకుని నడుస్తుంది. తెలుగు జిల్లాల పెళ్లి వీడియో రంగంలో ఏళ్ల తరబడి రాజ్యమేలిన ఎడియస్ మాత్రం చాలాకాలం ప్రధాన ప్రాసెసర్‌పైనే ఆధారపడింది. అందుకే ఎడియస్‌పై చేయి తిరిగిన వారు సైతం ప్రీమియర్‌కో, రిజాల్వ్‌కో మారగానే ఎన్నడూ ఎరుగని ఈ డ్రైవర్ గొడవలో చిక్కుకుంటున్నారు.

పెట్టె ఒకటే.. చిప్‌లు రెండు

డెస్క్‌టాప్‌కు, ల్యాప్‌టాప్‌కు తేడా ఇక్కడే ఉంది. వీడియో పనికని కొనే ల్యాప్‌టాప్‌లలో సాధారణంగా రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉంటాయి. ప్రాసెసర్‌లోనే ఇమిడి ఉండే ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఒకటి. విడిగా అమర్చిన ఎన్‌విడియా లేదా ఏఎండీ చిప్ రెండోది. బ్యాటరీ ఆదా కోసం తేలిక పనులను మొదటిదానికి, బరువు పనులను రెండోదానికి అప్పగించే ఏర్పాటును ఎన్‌విడియా 2010లో ఆప్టిమస్ పేరిట ప్రవేశపెట్టింది. ఈ ఏర్పాటులో తెర తీగ ఇంటెల్ చిప్‌కే కలిసి ఉంటుంది. ఎన్‌విడియా చిప్ తాను తయారు చేసిన చిత్రాన్ని ఇంటెల్ చిప్‌కు అందిస్తే అది తెరపైకి పంపుతుంది. అంటే రెండు డ్రైవర్లూ ఆరోగ్యంగా ఉంటేనే పని జరుగుతుంది.

ఇది తెలియక చేసే పొరపాటు ఒకటి విరివిగా కనిపిస్తుంది. 'ఎన్‌విడియా ఉండగా ఇంటెల్ ఎందుకు, అదే అడ్డుపడుతోంది' అనుకుని డివైస్ మేనేజర్‌లో ఇంటెల్ గ్రాఫిక్స్‌ను డిజేబుల్ చేస్తారు. దాంతో తెర మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అనే నామమాత్రపు డ్రైవర్ మీదికి పడిపోతుంది. రెజల్యూషన్ తగ్గుతుంది, వెలుతురు సర్దుకోదు, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అసలు తెరుచుకోకపోవచ్చు. అంతకుమించి, ఇంటెల్ చిప్‌లో వీడియోను వేగంగా విప్పే క్విక్ సింక్ అనే ప్రత్యేక విభాగం ఉంది. 2011 నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వస్తున్న ఈ సదుపాయమూ దాంతోపాటే మూలన పడుతుంది. మళ్లీ ఎనేబుల్ చేసి, ల్యాప్‌టాప్‌ను ఒకసారి రీస్టార్ట్ చేస్తే సగం సమస్యలు సర్దుకుంటాయి.

బరువు పని ఏ చిప్‌కు వెళ్లాలో నిర్ణయించే వీలు 2018 నుంచి విండోస్‌లోనే ఉంది. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో డిస్‌ప్లే, దాని అడుగున గ్రాఫిక్స్ అనే చోట ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకుని హై పర్ఫార్మెన్స్ అని నిర్దేశించాలి. ఈ ఒక్క మార్పు చేయకపోవడం వల్ల వేలు పోసి కొన్న ఎన్‌విడియా చిప్ ఖాళీగా కూర్చుని, పనంతా చిన్న చిప్ మీద పడిన ఉదంతాలు తక్కువేమీ కాదు. రిజాల్వ్‌లో ప్రిఫరెన్సెస్‌లోని మెమొరీ అండ్ జీపీయూ విభాగంలోనూ ఏ చిప్‌కు టిక్కు ఉందో చూసుకోవాలి.

ముందు దృశ్యాలు.. తర్వాతే డ్రైవర్

ఏ మరమ్మతుకైనా పూనుకునే ముందు కెమెరా దృశ్యాలను, ప్రాజెక్టు ఫైళ్లను బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోవడం తప్పనిసరి. తెర నల్లబడి ఏమీ కనిపించకుంటే పవర్ బటన్‌ను నొక్కి పట్టుకోవడానికి ముందు కీబోర్డుపై విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ మీటలను ఒకేసారి నొక్కి చూడాలి. విండోస్ 10, 11లలో ఇది గ్రాఫిక్స్ డ్రైవర్‌ను ఉన్నచోటే పునఃప్రారంభిస్తుంది. తెర ఒకసారి రెప్పవేసి తిరిగి వస్తే, సేవ్ చేయని పని కూడా దక్కే అవకాశం ఉంటుంది.

ఆ తర్వాత తేల్చుకోవాల్సిన మొదటి ప్రశ్న, తప్పు నిజంగా డ్రైవర్‌దేనా అన్నది. ప్రీమియర్‌లో దీనికి సులువైన పరీక్ష ఉంది. ప్రాజెక్ట్ సెట్టింగ్స్‌లోని జనరల్ విభాగంలో రెండరర్ అనే చోట మెర్క్యురీ ప్లేబ్యాక్ ఇంజిన్‌ను సాఫ్ట్‌వేర్ ఓన్లీకి మార్చాలి. అప్పుడు గ్రాఫిక్స్ చిప్‌ను పక్కనపెట్టి పనంతా ప్రాసెసర్ చేస్తుంది. వేగం తగ్గుతుంది. కానీ గళ్లు మాయమై, ఎక్స్‌పోర్ట్ చివరిదాకా సాగితే అనుమానం గ్రాఫిక్స్ వైపు మళ్లించవచ్చు. ఆ మార్పుతోనూ అదే చోట, అదే నిమిషం దగ్గర ఆగిపోతుంటే ఆ చోట ఉన్న క్లిప్‌నో, ప్లగిన్‌నో శంకించాలి. ఇచ్చిన గడువు తరుముకొస్తుంటే సాఫ్ట్‌వేర్ ఓన్లీలోనే రాత్రంతా ఎక్స్‌పోర్ట్‌కు పెట్టి పెళ్లివారికి పెన్‌డ్రైవ్ అందించి, డ్రైవర్ సంగతి తీరిగ్గా చూసుకోవడమే తెలివైన పని.

వేడిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఎండాకాలం మధ్యాహ్నం రేకుల గదిలో, మంచం మీద దుప్పటిపై పెట్టిన ల్యాప్‌టాప్ గంటలో కొలిమిలా మారుతుంది. వేడి పరిమితి దాటగానే చిప్ తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. ఉదయం బాగా నడిచి మధ్యాహ్నం తడబడే యంత్రానికి కావలసింది కొత్త డ్రైవర్ కాదు, ఫ్యాన్ రెక్కల్లో పేరుకున్న దుమ్ము దులపడం. అలాగే చార్జర్ తీసేస్తే గ్రాఫిక్స్ చిప్ వేగం బాగా పడిపోతుంది. కరెంటు పోయిన వేళ బ్యాటరీపై నత్తనడక నడిచిందని డ్రైవర్‌ను నిందించి లాభం లేదు.

కెమెరా తెచ్చిన చిక్కు

కొన్నేళ్లుగా డ్రైవర్ ఖాతాలో పడుతున్న మరో నేరం నిజానికి కెమెరాది. కొత్తతరం మిర్రర్‌లెస్ కెమెరాలు రంగుల నాణ్యత కోసం 4:2:2 10 బిట్ పద్ధతిలో చిత్రీకరిస్తాయి. మామూలు 4:2:0 వీడియోలో నాలుగు చుక్కలకు ఒకటి చొప్పున రంగు వివరం నమోదైతే, ఇందులో రెండింటికి ఒకటి చొప్పున నమోదవుతుంది. పట్టుచీర జరీ మెరుపు, పసుపు బట్టల ఛాయ దిద్దుకునేటప్పుడు ఈ తేడా తెలుస్తుంది. అయితే దీనిని విప్పగలిగే ఏర్పాటు అన్ని చిప్‌లలో లేదు. ఎన్‌విడియా చిప్‌లకు ఈ శక్తి 2025లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 50 శ్రేణితోనే సమకూరింది. అంతకుముందు కొన్న ఎన్‌విడియా ల్యాప్‌టాప్‌లో ఎన్ని డ్రైవర్లు మార్చినా ఈ వీడియో తడబడుతూనే ఉంటుంది.

ఇంటెల్ 11వ తరం ప్రాసెసర్ల నుంచి వాటిలోని అంతర్గత గ్రాఫిక్స్ మాత్రం హెచ్.265 రకంలోని 4:2:2 10 బిట్ వీడియోను విప్పగలదు. అంటే 'అక్కరకు రాదు' అని కొందరు డిజేబుల్ చేసే ఆ చిన్న చిప్పే ఇక్కడ ఆదుకునేది. అదే హెచ్.264 రకంలో తీస్తే చాలా ఇంటెల్ చిప్‌లు కూడా చేతులెత్తేస్తాయి. సోనీ కెమెరాలు వాడేవారు ఎక్స్‌ఏవీసీ ఎస్ అంటే హెచ్.264 అని, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ అంటే హెచ్.265 అని గుర్తుంచుకుని షూటింగ్‌కు ముందే ఎంచుకోవాలి. ఇప్పటికే తీసేసిన దృశ్యాలకు ప్రాక్సీలు తయారు చేసుకోవడం ఒక్కటే మార్గం. చిన్న సైజు నకళ్లపై ఎడిటింగ్ ముగించి, ఎక్స్‌పోర్ట్ సమయంలో అసలు దృశ్యాలను వాడుకునే ఈ పద్ధతి ప్రీమియర్‌లోనూ, రిజాల్వ్‌లోనూ ఉంది. పోచారం గట్టుపై ఎగరేసిన డ్రోన్ దృశ్యాలకూ ఇది పనికివస్తుంది.

ఏ చిప్ పనిచేస్తోందో కళ్లారా చూడాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలతో టాస్క్ మేనేజర్ తెరిచి పర్ఫార్మెన్స్ విభాగంలోకి వెళ్లాలి. జీపీయూ 0, జీపీయూ 1 అని రెండు చిప్‌లూ విడివిడిగా కనిపిస్తాయి. వీడియో నడుస్తుండగా వీడియో డీకోడ్ అనే గీత రెండింటిలోనూ నేలబారుగా ఉండి, ప్రాసెసర్ మాత్రం వంద శాతానికి చేరితే విప్పే పనిలో చిప్‌ల సాయం అందడం లేదని అర్థం. డ్రైవర్ సంఖ్య, తేదీ కూడా అక్కడే ఉంటాయి. వాటిని ఒక కాగితంపై రాసి ల్యాప్‌టాప్ మూతకు అంటించుకున్నా నామోషీ ఏమీ లేదు.

కొత్తదల్లా మంచిది కాదు

డ్రైవర్ల చరిత్ర చూస్తే కొత్త వెర్షన్‌ను గుడ్డిగా నమ్మరాదని స్పష్టమవుతుంది. విండోస్ విస్టా వచ్చిన 2007లో మైక్రోసాఫ్ట్ నమోదు చేసిన క్రాష్‌లలో దాదాపు 29 శాతానికి ఎన్‌విడియా డ్రైవర్లే కారణమని 2008లో అమెరికాలో ఒక కోర్టు కేసు సందర్భంగా వెల్లడైన పత్రాలు తెలిపాయి. 2010 మార్చిలో ఎన్‌విడియా 196.75 నంబరు డ్రైవర్‌ను విడుదల చేసిన కొద్ది రోజులకే ఉపసంహరించుకోవాల్సి వచ్చింది. ఫ్యాన్ వేగాన్ని సరిగా నియంత్రించలేక చిప్‌లు వేడెక్కడమే అందుకు కారణం.

ఎన్‌విడియా డ్రైవర్లు రెండు రకాలుగా వస్తాయి. కొత్త ఆటలు విడుదలైనప్పుడల్లా హడావుడిగా వెలువడేవి గేమ్ రెడీ డ్రైవర్లు. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లపై పరీక్షించి, తక్కువసార్లు విడుదల చేసేవి స్టూడియో డ్రైవర్లు. ఇవి 2019 నుంచి లభిస్తున్నాయి. రెండూ ఉచితమే. మిక్సింగ్ పనికి స్టూడియో డ్రైవరే తగినది. మంచి సీజన్‌లో పని సజావుగా సాగుతుంటే దానినీ కదపకపోవడమే మేలు.

మనం కదపకున్నా విండోస్ అప్‌డేట్ ఊరుకోదు. రాత్రికి రాత్రే డ్రైవర్‌ను మార్చేయడం దానికి అలవాటు. నిన్నటిదాకా నడిచి నేడు మొరాయించిందంటే ముందుగా చూడాల్సింది ఇదే. డివైస్ మేనేజర్‌లో డిస్‌ప్లే అడాప్టర్స్ కింద చిప్ పేరుపై రెండుసార్లు నొక్కి, డ్రైవర్ విభాగంలో రోల్ బ్యాక్ డ్రైవర్‌ను ఎంచుకుంటే పాత డ్రైవర్ తిరిగి వస్తుంది. ఆ మీట మసకగా ఉంటే పాత ప్రతి లేదని అర్థం.

అక్కడే చిప్ పేరు పక్కన పసుపు త్రికోణం, లోపల కోడ్ 43 కనిపిస్తే చిప్ తనలో ఏదో లోపం ఉందని చెప్పడంతో విండోస్ దానిని నిలిపివేసిందని గ్రహించాలి. డ్రైవర్‌ను పూర్తిగా తొలగించి మళ్లీ వేసినా కోడ్ 43 వదలకుంటే చిప్‌కే దెబ్బ తగిలి ఉండవచ్చు. ల్యాప్‌టాప్‌లలో చిప్ మదర్‌బోర్డుకే అతికి ఉంటుంది కనుక ఆ మరమ్మతు ఖరీదైనది. ఆ మాట ఖాయం చేసుకున్నాకే మెకానిక్ వద్దకు వెళ్లడం ఉత్తమం.

ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ పట్టీలో 4101 నంబరుతో 'డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి, తిరిగి కోలుకుంది' అనే సందేశం ఉంటే అదొక ఆధారం. గ్రాఫిక్స్ చిప్ రెండు సెకన్లలోగా బదులివ్వకుంటే విండోస్ డ్రైవర్‌ను పునఃప్రారంభిస్తుంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ మూతపడేది ఆ కుదుపుకే. ఈ గడువును రిజిస్ట్రీలో పెంచమని కొందరు సలహా ఇస్తుంటారు. వేడి వల్లనో, వీడియో మెమొరీ చాలకనో చిప్ ఆలస్యం చేస్తున్నప్పుడు గడువు పెంచితే జబ్బు దాగుతుందే తప్ప తగ్గదు. రిజాల్వ్‌లో జీపీయూ మెమొరీ ఫుల్ అనే సందేశం వస్తే టైమ్‌లైన్ రెజల్యూషన్‌ను 4కే నుంచి 1080కి తగ్గించి చూడటం ముందు చేయాల్సిన పని.

శుభ్రంగా తీసి.. శుభ్రంగా వేసి

పాత డ్రైవర్ అవశేషాలు మిగిలి కొత్తదానితో కలహించడం మామూలే. డిస్‌ప్లే డ్రైవర్ అన్‌ఇన్‌స్టాలర్ అనే ఉచిత సాధనం వాటిని ఊడ్చివేస్తుంది. దానిని సేఫ్ మోడ్‌లో నడపాలి. అంతకుముందే కావలసిన డ్రైవర్లను డౌన్‌లోడ్ చేసి పెట్టుకుని, ఇంటర్నెట్ తీసేయాలి. లేకుంటే పాతది పోయీ పోకముందే విండోస్ తనకు తోచిన డ్రైవర్‌ను తెచ్చి పెడుతుంది. ముందు ఇంటెల్ లేదా ఏఎండీ అంతర్గత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను, ఆపై విడి చిప్ డ్రైవర్‌ను వేసుకోవడం సురక్షిత క్రమం. ల్యాప్‌టాప్ అడుగున ఉండే సర్వీస్ ట్యాగ్ లేదా సీరియల్ నంబరుతో తయారీ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికితే ఆ మోడల్‌కు సరిపడినవి దొరుకుతాయి. డ్రైవర్లన్నీ ఒక్క నొక్కుతో అప్‌డేట్ చేస్తామని ఊరించే ప్రకటనల జోలికి పోరాదు. క్రాక్ చేసిన ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ విషయంలోనూ అంతే. అందులో ఏ ఫైలు మార్చారో తెలియనప్పుడు తప్పు డ్రైవర్‌దో, క్రాక్‌దో తేల్చడం ఎవరి తరమూ కాదు. రిజాల్వ్ ఉచిత వెర్షన్ అధికారికంగానే లభిస్తుండగా ఆ సాహసం అనవసరం.

సేఫ్ మోడ్‌కు వెళ్లేముందు మరో జాగ్రత్త ఉంది. విండోస్ 11 ఉన్న కొత్త ల్యాప్‌టాప్‌లలో డిస్కు దానంతట అదే బిట్‌లాకర్ తాళంలో ఉండవచ్చు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌ను కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయితే ఈ తాళం దానంతట అదే పడుతుంది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లినా, బయోస్‌లో మార్పు చేసినా 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఖాతా దుకాణదారు పేరుతో తెరిచి ఉంటే, పాస్‌వర్డ్ మరిచిపోయి ఉంటే లోపలి దృశ్యాలు ఉండీ లేనట్లే. కీని ముందుగానే రాసి పెట్టుకోవాలి.

పాత చిప్‌లకు గడువు

సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌తో స్టూడియో మొదలుపెట్టే యువకులు చిప్ వయసు కూడా చూడాలి. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కు సాధారణ మద్దతును 2025 అక్టోబరు 14న ముగించింది. అదే నెలతో మాక్స్‌వెల్, పాస్కల్ తరాల చిప్‌లకు పూర్తిస్థాయి డ్రైవర్లను నిలిపివేసి, 2028 అక్టోబరు వరకు భద్రతా అప్‌డేట్‌లు మాత్రమే ఇస్తామని ఎన్‌విడియా ప్రకటించింది. ఉన్న డ్రైవర్‌తో ఈ చిప్‌లు పనిచేస్తూనే ఉంటాయి. అయితే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ల కొత్త వెర్షన్లు ఒక సంఖ్యకు దిగువనున్న డ్రైవర్లను అంగీకరించవు. అందువల్ల ఇలాంటి ల్యాప్‌టాప్‌లో ఇప్పుడు నడుస్తున్న వెర్షన్‌నే కొనసాగించడం శ్రేయస్కరం. 940ఎంఎక్స్, ఎంఎక్స్130 మాక్స్‌వెల్ తరానివి. జీటీఎక్స్ 1050, 1060లతోపాటు ఎంఎక్స్150, 250, 350 పాస్కల్ తరానివి. ఎంఎక్స్450, జీటీఎక్స్ 1650 ఆ తర్వాతి ట్యూరింగ్ తరానికి చెందినవి కనుక ఈ కోత వాటికి వర్తించదు.